కలివికోడి కాలు, కొండ మీది నాచు

మా కాలేజీ పిల్లలు నన్ను వెనకాల 'పాచి మేడమ్' అంటారు. ముందర అనే ధైర్యం ఎవరికీ లేదు, నా నోరు అలాంటిది. హిందూపురంలో ఇరవై రెండేళ్లుగా బాటనీ చెప్తున్నాను. అందులో పదకొండేళ్లు ఒక్క నాచు వెంట తిరిగాను. పెనుకొండ కొండమీద ఉత్తరం వైపు రెండు బండల సందులో తప్ప అది ఇంకెక్కడా నాకు దొరకలేదు. మొత్తం కలిపినా రెండు అరచేతులంత ఉంటుంది. దాని గురించి చెప్పమంటే పొద్దంతా చెప్తాను కానీ, వినేవాళ్లు ఉండొద్దూ! ఓపిగ్గా విన్న మనిషి ఒక్కడే. ఆ మనిషి గురించే ఇది.

పేరు కుళ్లాయప్ప. తాడిమర్రి దగ్గర పల్లె. గూగూడు కుళ్లాయప్ప స్వామికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారట. ఆధార్ కార్డులో అరవై ఎనిమిది. అడిగితే మాత్రం, "డెబ్బై ఎప్పుడో దాటినాయిలే మేడమ్, కార్డు రాసినోనికేమి తెలుసు?" అనేవాడు. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టాడు. తిండికని వాళ్ల నాయన పిట్టలకు ఉచ్చులు కూడా పెట్టేవాడు. ఆ రెండు పనులూ కొడుకుకు వచ్చాయి. కరువు సంవత్సరాల్లో మందను తోలుకుని మేత వెతుక్కుంటూ పెనుకొండ దాకా నడిచేవాడు. ఒక కరువులో సగం గొర్రెలు చస్తే మిగిలినవి అమ్మేశాడు. ఆ తర్వాత రాళ్లు మోశాడు, శనక్కాయలు పీకాడు, ధర్మవరం స్టేషన్ దగ్గర మూటలు ఎత్తాడు. భార్య మునియమ్మ ఆరేళ్ల కిందట పోయింది.

పదకొండేళ్ల కిందట నేను కొండ మీద చేతిలో భూతద్దం పట్టుకుని బండలు తడుముకుంటూ పోతుంటే, కోట దారికి రాళ్లు మోస్తున్న కూలీల్లోంచి ఒకాయన పిలిచాడు.

"ఏం పోగొట్టుకుంటివి మేడమ్?"

"ఏమీ పోగొట్టుకోలేదు. నాచు వెతుకుతున్నా."

"తడిబండ కావల్లనా? ఈడ యాడ దొరుకుతాది! నా ఎంబడి రా."

ఒకప్పుడు కరువులో ఆయన గొర్రెలు నీళ్ల వాసన పట్టుకుంటూ వెళ్లి ఆ సందులో బండను నాకాయట. గొర్రెలు చూపించిన చోటును ఆయన నాకు చూపించాడు. నా పేరుతో అచ్చయిన పేపర్లన్నీ ఆ గొర్రెల పుణ్యమే. అప్పటినుంచి వారానికి రెండు రోజులు ఆయన తాడిమర్రి నుంచి ధర్మవరానికి ఆటోలో, అక్కడినుంచి పెనుకొండకు రైల్లో వచ్చేవాడు. నేను హిందూపురం నుంచి బస్సులో వెళ్లేదాన్ని. ఇద్దరం కొండెక్కి నాచును కొలిచేవాళ్లం. ఏడాదికి వేలి గోరంత పెరిగితే ఆ రోజు ఆయనకు హోటల్లో బిర్యానీ పెట్టించేదాన్ని. ఎక్కువసార్లు తగ్గేది. కొండ చూడ్డానికి వచ్చిన ప్రేమికులు రాళ్లతో గీకి అక్కడ పేర్లు రాసేవాళ్లు. వాళ్ల పెళ్లిళ్లు పెటాకులైపోవాలని నేను గట్టిగానే తిట్టేదాన్ని. "అట్లనొద్దు మేడమ్, పిల్లోళ్లు" అనేవాడు కుళ్లాయప్ప.

మూడేళ్ల కిందట అభిషేక్ వచ్చాడు. పక్షుల మీద రీసెర్చి చేస్తున్న కుర్రాడు, ముప్పై కూడా లేవు. వాడు వెతికేది కలివికోడిని. కౌజుపిట్టంత ఉంటుంది. పొడుగాటి కాళ్లతో నేలమీదే పరుగెత్తుతుంది, పొదల మధ్య బతుకుతుంది, చీకటి పడ్డాకే బయటికి వస్తుంది. కడప వైపు లంకమల అడవిలో తప్ప దాన్ని చూశామని గట్టిగా చెప్పినవాళ్లు లేరు. మన అనంతపురం వైపు కూడా ఒకప్పుడు ఉండేదని పాత పుస్తకాల్లో ఉందట. వాడు పల్లె పల్లెకూ తిరిగి దాని బొమ్మ చూపించాడు. అందరూ తలలు అడ్డంగా ఊపారు. కుళ్లాయప్ప మాత్రం బొమ్మను చాలాసేపు పట్టుకుని, "దీన్ని చూసినా. మా బీట్లోనే. శానా ఏండ్లాయ" అన్నాడు.

ఆ ఒక్క మాట మీద అభిషేక్ తాడిమర్రి దగ్గర బీడులో మూడేళ్లు పాతుకుపోయాడు. ముళ్లపొదలున్న ఆ బీడులో అక్కడక్కడా మంచం పొడవున నేల గోకి, రాళ్లు ఏరి, జల్లెడ పట్టిన మెత్తటి మట్టి పట్టీలా పరిచేవాళ్లు. పిట్ట దాని మీదుగా నడిస్తే అడుగు పడుతుంది. పొద్దున్నే వెళ్లి చూడాలి. ఆ పట్టీలన్నీ కుళ్లాయప్ప చేతి పనే. నక్క పోయినా, ఉడుము పోయినా, ఏ పూట పోయిందో కూడా చెప్పేవాడట. కలివికోడి అడుగు మాత్రం ఒక్కటీ పడలేదు.

నాకూ అభిషేక్‌కీ గొడవ ఈ సంవత్సరం జనవరిలో మొదలైంది. పుట్టపర్తిలో ఒక కమిటీ కూర్చుంది. జిల్లాలో అంతరించిపోయే ప్రాణికి కంచె వేసి కాపలా పెట్టడానికి నిధి ఒక్కటే ఉంది. అభిషేక్‌కి పది నిమిషాలు, నాకు పది నిమిషాలు ఇచ్చారు. వాడు తెరమీద కలివికోడి బొమ్మ వేశాడు. అంతేసి కళ్లు! హాల్లో ఆడా మగా అందరూ "అయ్యో పాపం" అన్నారు. నేను నా నాచు ఫోటో వేశాను. గోడకు పచ్చ రంగు పూసినట్టుంది.

"ఇది ఏం చేస్తుందమ్మా?" అని కమిటీ పెద్దాయన అడిగాడు.

"ఏమీ చేయదు సార్. బతుకుతుంది."

ఎవరో నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "పిట్టకు కళ్లున్నాయి, కూత ఉంది, ప్రమాదం వస్తే పారిపోడానికి కాళ్లున్నాయి. దీనికి అవేవీ లేవు. పిట్టను పట్టాలంటే ఉచ్చు కావాలి, దీన్ని చంపడానికి ఒక చెప్పు చాలు. కళ్లున్నవాటి మీదే జాలి పడతామంటే ఇక ఈ కమిటీ ఎందుకు?" అని అరిచినంత పని చేశాను.

తాడిమర్రి బీడును ఏదో ఫ్యాక్టరీకి ఇవ్వాలని అప్పటికే చూస్తున్నారు. చివరికి కమిటీ తేల్చింది ఇది. మార్చి నెలాఖరులోగా కలివికోడి అక్కడ ఉందని రుజువు దొరికితే బీడు నిలుస్తుంది, నిధి దానికే. దొరక్కపోతే బీడు పోతుంది, నిధి నా నాచుకు.

బయటికి వచ్చాక, మాతో పాటు వచ్చిన కుళ్లాయప్పను నిలదీశాను. ఆయన మా ఇద్దరి దగ్గరా పనిచేసే మనిషి కదా. "నువ్వు చెప్పన్నా. ఏది నిలవాలి?"

ఆయన తడుముకోలేదు. "పిట్ట, మేడమ్. నాచుకు బయం తెలీదు. పిట్టకు తెలుస్తాది. బయపడేదాన్ని ముందర కాపాడల్ల."

అది నిజమేననిపించినందుకు ఇంకా కోపం వచ్చి రెండు వారాలు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

మార్చి పద్దెనిమిదిన ఫోన్ మోగింది. అవతల అభిషేక్ ఏడుస్తున్నాడు. "మేడమ్, అడుగులు! ఏడు అడుగులు! వెనక వేలు లేదు మేడమ్, మూడే వేళ్లు, అదే! తాతే చూశాడు!" వెంటనే వాట్సాప్‌లో ఫోటోలు పెట్టాడు. అభినందనలని రాశాను. రాసి ఫోన్ బల్ల మీద విసిరేశాను. ఉన్నమాట చెప్తున్నాను, ఆ పిట్ట దొరక్కూడదని రెండు నెలలుగా నేను మొక్కని దేవుడు లేడు.

మధ్యాహ్నం మళ్లీ ఫోటోలు తెరిచాను. నాచు ఆకు ఎటు మెలిక తిరిగిందో భూతద్దంలో చూసి చూసి నా కళ్లకు అదొక రోగం పట్టింది, వంకర ఎటుందో ముందు చూస్తాను. ఏడు గుర్తుల్లోనూ పక్క వేలు ఎడమవైపుకే ఎక్కువ విచ్చుకుని ఉంది. ఏడింటిలోనూ నడిమి గోరు దగ్గర ఒకే చోట చిన్న నొక్కు ఉంది. ఏడూ ఎడమకాలివే. ఏ పిట్టా మంచం పొడవునా ఒంటికాలి మీద గెంతుకుంటూ పోదు. మూడేళ్లు ఎదురుచూసిన అభిషేక్‌కి ఆనందంలో అది కనబడలేదు. నాకు కనబడింది, ఎందుకంటే నేను చూసింది అసూయతో. అవి దొంగ అడుగులని తెలిసినప్పుడు నాకు సంతోషం కలిగింది. సిగ్గుపడుతూనే ఈ మాట రాస్తున్నాను.

మర్నాడు పొద్దున్నే రైలెక్కి ధర్మవరంలో దిగి ఆటోలో తాడిమర్రి వెళ్లాను. కుళ్లాయప్ప బీడులోనే ఉన్నాడు, జల్లెడతో మట్టి పడుతున్నాడు. అభిషేక్ రిపోర్టు పని మీద పుట్టపర్తి వెళ్లాడు.

"ఏమి మేడమ్, ఇంత దూరం వచ్చినావు?"

"ఏడూ ఎడమకాలివేనన్నా" అన్నాను.

ఆయన జల్లెడ కింద పెట్టాడు. దబాయిస్తాడనుకున్నాను, తెలియనట్టు నటిస్తాడనుకున్నాను. రెండూ చేయలేదు.

"నాకు తెలీదనుకుంటివా? పుట్టినకాడ్నుంచి అడుగులు చూసి బతికినోన్ని. కుడికాలు యాడ్నుంచి తెచ్చేది మేడమ్? నా కాడ ఉండేది ఒగటే."

నడుముకు కట్టుకున్న వక్కాకు సంచిలోంచి ఒక గుడ్డ ముడి తీసి విప్పాడు. అందులో ఎండిపోయిన పిట్టకాలు. పుల్లలా పొడుగ్గా ఉంది. మూడే వేళ్లు.

"పెండ్లయిన ఏడాది. మునియమ్మ కడుపుతో ఉండె. కౌజులకని ఈడే, ఆ రేణిచెట్టు కాడ ఉచ్చులు పెట్టినా. తెల్లార్తో వచ్చి చూస్తే రెండు పడిండె. కౌజులు కావు. పొడుగు కాళ్లు, ఇంతింత కండ్లు, ఎదమీద రెండు పట్టీలు. అట్లాటి పిట్టను మా నాయన గూడా చూసిండలే. ఒగటి అప్పటికే సచ్చిపోయిండె. రెండోది బతికే ఉండె మేడమ్. అరవలే, కొట్టుకోలే. నా పక్కే చూస్తాండె. ఇడిసిపెట్టల్లనిపించె, దేవుని మీద ఆన. కానీ ఇద్దరికీ కూరకు ఒగటి సాలదు గదా అని దాన్నీ కోసినా."

కాలును గుడ్డ మీద సరిగ్గా పెట్టి, "మాంసం గూడా పెద్దగా లేదు" అన్నాడు.

వాళ్ల ఇళ్లల్లో ఒక ఆచారం ఉందట. కొత్త రకం పిట్ట దొరికితే దాని కాళ్లు గొర్రెల దొడ్డి గుంజకు కడతారు, గొర్రెపిల్లలకు కాళ్లు గట్టిపడతాయని. అలా నాలుగు కాళ్లూ కట్టాడు. మూడింటిని కుక్కలు ఎత్తుకుపోయాయి. ఒకటి మిగిలింది. మంద అమ్మేసిన రోజు దాన్ని విప్పి దాచుకున్నాడు.

"ఆ పొద్దుటి నుంచీ చూస్తాండా మేడమ్. నలభై ఏండ్ల పైన. ఇంగొగటి అగుపడలే. అభి సారు ఆ బొమ్మ సూపిచ్చినప్పుడు, ఇది లోకంలోనే లేకుండా పోతాండాదని చెప్పినప్పుడు, ఇంటికి పోయి ఈ ముడి ఇప్పి చూసుకుంటి. మా బీటికి అవే కడాకు మిగిలిండేవేమో. జంటను తినేస్తినే."

నాకు జాలి వేసింది. వెంటనే కోపమూ వచ్చింది, నా తీరే అంత. "అందుకని దొంగ అడుగులు వేస్తావా? ఆ పిల్లవాడు నిన్ను నమ్మాడు! రేపు ఇంకెవరైనా కనిపెడితే వాడి చదువేం కావాలి, పరువేం కావాలి?"

"బీడు నిలబడితే, ఎప్పుడన్నా యాడ్నుంచన్నా వస్తాదేమోనని. ఉండేదానికి సోటుంటే గదా వచ్చేది."

"విను. ఇక్కడ ఉందని రాసుకుంటే వెతికేవాళ్లందరూ ఇక్కడికే వస్తారు. నిజంగా అది బతికున్న పొద ఇంకెక్కడో ఉంటే, దానివైపు చూసేవాడే ఉండడు. దాన్నీ ఎవడో దున్నేస్తాడు. అప్పుడు మూడోదాన్ని కూడా నువ్వే కోసినట్టు."

అనకూడని మాట. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన నేలమీద కూలబడ్డాడు. నేనూ పక్కనే కూర్చున్నాను.

"చెప్పన్నా, నన్నేం చేయమంటావు? నేను చెప్తే నిధి నాకొస్తుంది. పాచి మేడమ్ కుళ్లుబోతుతనంతో చెప్పిందంటారు, అందులో అబద్ధమూ లేదు. చెప్పకపోతే ఒక దొంగతనం నా కడుపులో ఉంటుంది. నేను నోరు విప్పను. నీ ఇష్టం."

ఆయన గుడ్డ ముడి మళ్లీ కట్టి సంచిలో పెట్టుకున్నాడు. నన్ను ఆటో దాకా సాగనంపి, "బద్రంగా పో మేడమ్" అన్నాడు.

నెలాఖరున మళ్లీ కమిటీ కూర్చుంది. అభిషేక్ కొత్త చొక్కా వేసుకొచ్చాడు. ఏడు అడుగుల ఫోటోలూ తెరమీద వేసి, "వీటిని చూసింది కుళ్లాయప్ప తాత. ఆయన పేరు నా పేపర్లో నా పేరు పక్కనే ఉంటుంది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మొదటి వరుసలో తల వంచుకుని కూర్చున్నాను. నోరు విప్పనని మాటిచ్చింది నేనే కదా.

వెనకనుంచి కుళ్లాయప్ప లేచాడు.

"అయ్యా, ఆ అడుగులు నేను ఏసినవి."

ఆయన ముందుకొచ్చి గుడ్డ ముడి విప్పి బల్ల మీద పెట్టాడు. అభిషేక్ ఆ బల్ల దగ్గరికి వచ్చాడు. వాడికి మొదట కోపం కూడా రాలేదు. వంగి ఆ కాలి వేళ్లు లెక్కపెట్టాడు. "ఇది... ఇది అదే కావచ్చు సార్. పరీక్ష చేయించాలి."

"అంటే అక్కడ ఆ పక్షి ఉందన్నమాటేనా?" అని పెద్దాయన అడిగాడు.

"ఉండె సామీ" అన్నాడు కుళ్లాయప్ప. "నేను తినేస్తి."

ఒక అధికారి కేసు పెట్టాలేమో అని గొణిగాడు. ఈ వయసులో ఏం కేసులెండి అని పెద్దాయన ఆపాడు. ఒప్పుకున్న మాటను కాగితం మీద పెట్టుకున్నారు. ప్రస్తుతం ఆ పక్షి అక్కడ ఉన్నట్టు ఆధారం లేదని రాశారు. నిధి పెనుకొండ నాచుకు ఇచ్చారు. నాకు షేక్‌హ్యాండ్‌లు ఇచ్చారు. పదకొండేళ్లుగా కోరుకున్నది చేతికొచ్చిన రోజున నాకు అన్నం సహించలేదు.

బయట అభిషేక్ మెట్ల మీద కూర్చుని ఉంటే కుళ్లాయప్ప వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. "కొట్టల్లనిపిస్తే కొట్టు సారూ." వాడు తలెత్తకుండానే, "మూడేళ్ల ముందే ఆ కాలు చూపించుంటే బాగుండేది తాతా" అన్నాడు. "సిగ్గాయ నాయినా" అన్నాడు ఆయన. ఆ వారమే అభిషేక్ సామాన్లు సర్దుకుని కడప వైపు వెళ్లిపోయాడు. కాలును పరీక్షకు హైదరాబాదు పంపమని, నా చేత కవర్లో పెట్టించమని తాతకు చెప్పి వెళ్లాడు.

ఏప్రిల్లో బీడులోకి పొక్లెయిన్లు దిగాయి. కుళ్లాయప్ప పొద్దున వెళ్లి సాయంత్రం దాకా అక్కడే నిలబడి, పొదలు పీకుతున్న ప్రతి చోటునూ చూశాడట. ఏదైనా లేచి పరుగెత్తుతుందేమోనని. ఏదీ పరుగెత్తలేదు.

ఆ తర్వాత రెండు రోజులకు ఆయన ఆ కాలును కవర్లో పెట్టించడానికి హిందూపురం వచ్చాడు. నేను లాబ్‌లో సెకండియర్ పిల్లలకు ప్రాక్టికల్ చేయిస్తున్నాను. స్టూలు వేసి కూర్చోబెట్టి, పనిలో పనిగా చూస్తాడులే అని కానిచ్చాను. నాచును మేం కాగితపు కవర్లలో ఎండబెట్టి దాస్తాం. కొండ మీద మొదటి ఏడాది తీసిన కవరు విప్పి, పొడిపొడిగా గోధుమ రంగులో ఉన్న ముక్కను గాజు గిన్నెలో వేసి పిప్పెట్‌తో నీళ్లు చుక్కలు వేశాను. ముడుచుకున్న ఆకులు ఒక్కొక్కటే విడిపోయాయి. పది నిమిషాల్లో పచ్చబడింది.

కుళ్లాయప్ప లేచి వచ్చి గిన్నె మీదికి వంగాడు. "ఇది ఎప్పటిది మేడమ్?"

"మనిద్దరం మొదటిసారి కలిసిన ఏడాదిది."

"ఇన్నేండ్లూ సచ్చిపోయిండలేదా?"

"లేదు. ఎండితే ఆగిపోతుంది, నీళ్లు తగిలితే మళ్లీ మొదలవుతుంది. అన్ని నాచులూ ఇంత కాలం ఓర్చుకోలేవు, ఇది ఓర్చుకుంటుంది."

ఆయన సంచిలోంచి గుడ్డ ముడి తీశాడు. విప్పి, కాలును పక్కనే ఖాళీగా ఉన్న గిన్నెలో పెట్టాడు.

"దీనికీ రెండు సుక్కలు పొయ్యి మేడమ్."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను తలతిప్పి చూసేసరికి ఆగిపోయింది. ఆ కాలు తడిస్తే పరీక్షకు చెడిపోవచ్చని నాకు తెలుసు. నీళ్లు పోసినంత మాత్రాన ఏమీ కాదని ఆయనకూ తెలుసు, గొర్రెలకు పురుడు పోసి, చచ్చినవాటిని పాతిపెట్టిన మనిషికి నేను చెప్పేదేముంది? పిప్పెట్ తీసుకుని రెండు చుక్కలు వేశాను. ఇంకో రెండు వేశాను. నా కళ్లు మసకబారి, ఎన్ని వేశానో తర్వాత తెలియలేదు.

బెల్లు కొట్టారు, పిల్లలు వెళ్లిపోయారు. కుళ్లాయప్ప స్టూలు దగ్గరికి లాక్కుని, ఆ గిన్నె వైపే చూస్తూ కూర్చున్నాడు.